పెద్దోడి ముచ్చట

మా దుకాణంలో డూప్లికేట్ అన్న మాటను గొంతు తగ్గించి పలకాల్సింది ఒక్క మనిషి ముందే. ఆ మనిషి పోయిన నెలలో కన్నుమూశారు. ఇప్పుడు ఆ మాటను ఎంత గట్టిగా అన్నా తిట్టేవాళ్లు లేరు. అయినా నా నోరు అలవాటు కొద్దీ గుసగుసలాడుతూనే ఉంది. మొన్న ఒక కొత్త గిరాకీ అది విని, దొంగ సరుకేమోనని అనుమానపడి ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. పోయి కూడా మామ నా వ్యాపారాన్ని చెడగొడుతూనే ఉన్నారు.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలో మాది ట్రాక్టర్ విడిభాగాల దుకాణం, మా బాపు పెట్టింది. బాపు ఈ మామను బావా అని పిలిచేవారు. చుట్టరికం ఏమీ లేదు. మేము దుకాణాల వాళ్లం, వారు విరూర్ దగ్గరి ఊళ్లో తరాలుగా వ్యవసాయం చేస్తున్నవాళ్లు. అయినా బాపుకు బావ కనుక నాకు మామ. ఆయనకు ఆడపిల్లలు లేరు. పెళ్లి ఖర్చు లేకుండా దొరికిన అల్లుడినని నన్ను నలుగురికీ చూపించి నవ్వేవారు.

కొడుకు మాత్రం ఒక్కడు. యాభై దాటాయి, జుట్టు నెరిసింది, ఊరంతా ఇప్పటికీ చిన్నోడు అనే పిలుస్తుంది. ఒక్కగానొక్క కొడుకు చిన్నోడెలా అయ్యాడంటే, ఆయన పుట్టేసరికే ఇంట్లో పెద్దోడు ఉన్నాడు. పెద్దోడంటే ట్రాక్టర్.

వాళ్ల ఊరున్న రాజురా తాలూకా నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు మామ తండ్రి కొన్నది. ఓడలో బొంబాయికి, అక్కడి నుంచి గూడ్సు బండిలో విరూర్ స్టేషన్‌కు వచ్చింది. ఏ దేశంలో తయారైందని అడిగితే మామ ఒక్కోసారి ఒక్కో దేశం పేరు చెప్పేవారు, ఆ రోజు ఏ దేశం మీద గౌరవం ఉంటే ఆ దేశం. ముందు పెట్రోలు పోసి, ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజను వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. ఆ హ్యాండిల్ ఎదురు తన్ని మామ కుడి మణికట్టు రెండుసార్లు విరిగింది. కొడుకన్నాక తండ్రి మీద చెయ్యి లేవదా అని ఆ చేతినే ఎత్తి చూపేవారు, ఏమాత్రం కోపం లేకుండా.

సోమవారం పదకొండు గంటలకు మామ రావాల్సిందే. చంకలో తువ్వాలు, తువ్వాలులో చుట్టిన ఏదో ఒక ఇనుప సామాను. దాన్ని కౌంటర్ మీద నెమ్మదిగా పడుకోబెట్టి, మడతలు ఒక్కొక్కటే విప్పి, చూడమన్నట్టు పక్కకు జరిగి నిలబడేవారు. దానికి ఏమైందో తేలేదాకా చాయ్ ముట్టరు. ఆ ట్రాక్టర్ చేసిన కంపెనీ మూతపడి ఎన్నేళ్లయిందో నాకు తెలియదు, మామకు మాత్రం ఒరిజినల్ కావాలి. నాగపూర్‌లో, హైదరాబాద్‌లో పాత సామాన్ల బజార్లు వెతికించి తెప్పించేవాణ్ణి. తెచ్చినదాన్ని ముందు వాసన చూసేవారు. తర్వాత గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. ఆ పైన ఏమీ అనకుండా, రెండు వేళ్లతో పట్టుకుని కౌంటర్ అవతలి చివరకు జరిపితే అది డూప్లికేట్ అని తీర్పు. ఒకసారి ఆయనను పరీక్షిద్దామని నాకు బుద్ధి పుట్టింది. కంపెనీ డబ్బాలో డూప్లికేట్ బేరింగు, డూప్లికేట్ డబ్బాలో కంపెనీ బేరింగు పెట్టి ఇచ్చాను. రెండూ వాసన చూశారు. వాటి డబ్బాలు వాటికి మార్చారు. గోడ మీది మా బాపు పటం వైపు తిరిగి, "నీ కొడుకు గిట్ల తయారైండు బావా" అని ఫిర్యాదు చేశారు.

ఊరి నుంచి చంద్రపూర్‌కు బస్సు నేరుగా వస్తుంది. మామ మాత్రం విరూర్‌లో ప్యాసింజర్ ఎక్కి, బల్లార్షాలో దిగి, ఆటో మారి, చెమటతో తడిసి వచ్చేవారు. ఎప్పుడో ఒక కండక్టర్ ఆయన ఒళ్లోని ఇనుప సామాను చూసి లగేజీ టికెట్ తీసుకోమన్నాడట. ఇది లగేజీ కాదు, రోగం వచ్చి దవాఖానకు పోతోంది అని మామ వాదించారట. కండక్టర్ నవ్వాడు. ఆ నవ్వుకు మామ బస్సు దిగి, ఈ తోవన మళ్లీ బస్సెక్కనని నడిరోడ్డు మీద అనేశారు. వినడానికి అక్కడ రెండు మేకలు తప్ప ఎవరూ లేరు. అయినా అన్నమాట అన్నమాటే. కండక్టర్ రిటైరై ఉంటాడు, ఆ బస్సు తుక్కయి ఉంటుంది, మామ మాత్రం చివరిదాకా రైల్లోనే వచ్చారు.

మాట మీద ఉన్న ఈ మొండితనమే ఆయనను ఇరుకున పెట్టింది. ఇంట్లో పెద్ద గది ఒక్కటే. అందులో పెద్దోడు ఉంటాడు, ఏరిన పత్తి వసారాలో ఉంటుంది. ఒక ఏడాది పత్తి పోసిన మర్నాడే అకాల వర్షం కొట్టి సగం నల్లబడిపోయింది. చిన్నోడు, కోడలు ఆ తడిసిన పత్తిని తెచ్చి మామ ముందు ఆరబోశారు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు బాగా తగిలింది. విలువ తెలిసినవాడు వచ్చి మంచి ధర కడితే పెద్దోణ్ణి ఇచ్చేస్తానని మాట ఇచ్చారు. విలువ తెలిసినవాడు ఈ భూమ్మీద తాను తప్ప ఇంకొకడు లేడని ఆయన ధైర్యం.

ఆ ధైర్యాన్ని చెడగొట్టింది నేనే. పోలా పండుగకు మా వైపు ముందు రోజు ఎడ్ల మెడలకు వెన్నా పసుపూ రాస్తారు, పండుగ నాడు కొమ్ములకు రంగులేసి ఊరేగిస్తారు. మామ ఎడ్లతో పాటు పెద్దోడి ముందు ఇరుసుకు కూడా వెన్నా పసుపూ రాసి, దండ వేసి, రేడియేటర్ మూత మీద పూరన్‌పోళీ, అంటే బొబ్బట్టు, పెట్టేవారు. ఆ ఏడు నేను వెళ్లి ఫొటో తీసి, మా వ్యాపారుల వాట్సాప్ గుంపులో నవ్వుకోవడానికి పెట్టాను. అది చేతులు మారి మారి పుణేలో ఒక పెద్దమనిషిని చేరింది. ఆయనకు పాత ట్రాక్టర్లు సేకరించే పిచ్చి. రెండో రోజే నాకు ఫోన్ చేశారు.

ఫోన్లో ఆయన గంటసేపు పాఠం చెప్పారు. పాత ట్రాక్టర్లలో ధర పలికేది మెరిసేది కాదట, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా మిగిలినదట. వెలిసినా సరే కంపెనీ వేసిన రంగే ఉండాలి, కొత్త రంగు పూశారా సగం విలువ పోయినట్టే. ఇంజను నంబరు, ఇత్తడి రేకు మీది నంబరు కలవాలి. దీపం, సీటు, పనిముట్ల డబ్బా దానితో పాటు వచ్చినవే ఉండాలి. కొన్ననాటి కాగితం ఉంటే బంగారం. ఒక్క ఇంటి చేతుల్లోనే ఉంటే ఇంకా మంచిది. అన్నిటికీ మించి, అలాంటివి దేశంలో ఎన్ని మిగిలాయన్నది. ఆయన చూసిన ఫొటోను బట్టి, మామ దగ్గర ఉన్న రకానివి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా మిగల్లేదట.

సోమవారం మామ రాగానే ఈ శుభవార్త చెప్పాను. ఆయన ముఖం వాడింది. సంతోషం పట్టలేక అలా అయ్యారనుకున్నాను, నా తెలివి అంతవరకే. కాసేపటికి, "ఇంకేమేం జూస్తరట అల్లుడా?" అని అడిగారు. నేను ఉత్సాహంగా ఒక్కొక్కటీ వివరించాను. మామ శ్రద్ధగా విన్నారు. రంగు సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు.

మరుసటి సోమవారం మామ తువ్వాలు లేకుండా వచ్చి, డూప్లికేట్ హెడ్‌లైట్లు ఉన్నాయా అని అడిగారు. ఆ మాట, అదీ గట్టిగా, ఆ నోటి నుంచి వినేసరికి ఆయనకు ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. ఇచ్చాను. వాసన చూడకుండానే సంచీలో వేసుకున్నారు. ఆ పై వారం రెక్సిన్ సీటు. ఆ పై వారం లారీలకు పెట్టే మూడు గొంతుల హారన్. చివరి వారం రెండు డబ్బాల ఎర్ర ఆయిల్ పెయింటు, ఒక చిన్న డబ్బా పసుపుపచ్చది. రంగు వేయకూడదని చెప్పాను కదా మామా అంటే, వయసు మీద పడి ఏం చెప్పినా మరిచిపోతున్నానని నిట్టూర్చారు. డెబ్బై ఏళ్ల కిందటి వాల్వు నంబరు అప్పజెప్పే మనిషి ఆయన. అప్పుడు నాకు అర్థమైంది. మాట తప్పలేరు. పెద్దోణ్ణి వదులుకోలేరు. కాబట్టి పెద్దోడి విలువనే దించుతున్నారు, నేను అప్పజెప్పిన జాబితా చేతిలో పెట్టుకుని, నా దుకాణంలో కొన్న సరుకుతోనే.

చిన్నోడికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుమిట్టాడాను. తడిసిన పత్తి నేనూ చూశాను. అయినా చెప్పలేదు.

పుణే పెద్దమనిషిని తీసుకుని వెళ్లిన రోజు పెద్దోణ్ణి చూసి నేనే గుర్తుపట్టలేదు. ఒళ్లంతా ఎరుపు, అంచులకు పసుపు చారలు, చక్రాలకు కుచ్చులు, రేడియేటర్‌కు అద్దాల దండ, వెనక బురద చిమ్మకుండా వేలాడే నల్ల రబ్బరు రేకు మీద కమలం బొమ్మ. చిన్నోడు, కోడలు గర్వంగా పక్కన నిలబడ్డారు. పెయింటు వేయడానికి వాళ్లూ సాయం పట్టారట. అంగడికి తీసుకుపోయే ఎద్దును కడిగి కొమ్ములకు రంగు వేయకుండా ఎవరైనా పోతారా అని మామ వాళ్లను ఒప్పించారు. మా వైపు రైతుకు అందులో అనుమానించడానికేముంది, ఎవరైనా అదే చేస్తారు.

పెద్దమనిషి దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. తర్వాత జేబులోంచి అయస్కాంతం, చిన్న అద్దం, టార్చి తీసి పని మొదలుపెట్టారు. ఇత్తడి రేకు ఉండాల్సిన చోట నాలుగు బెజ్జాలున్నాయి. ఆయన మరాఠీలో ఏది అడిగినా మామ నా వైపు తిరిగి ఏమంటున్నాడని అడిగేవారు. తనకు మరాఠీ రాదట. తహసీలు ఆఫీసులో మరాఠీలో పోట్లాడి భూమి గట్టు తగాదా గెలిచిన మనిషి. నేను పైకి దుబాసీ పని చేస్తూ లోపల నవ్వు ఆపుకోలేక చస్తున్నాను.

అరగంటకు పెద్దమనిషి చేతులు తుడుచుకున్నారు. ఫొటో చూసి తాను పొరబడ్డానని, ఇది తాను అనుకున్న ట్రాక్టర్ కాదని అన్నారు. ఎక్కడో తుక్కు దుకాణంలో మూడు బండ్ల సామాన్లు కలిపి అతికించినట్టుందని, అసలు ఆ రకం ఈ ప్రాంతానికి వచ్చిన దాఖలాలే లేవని మర్యాదగానే చెప్పారు. మామ గెలిచారు. ఇక నోరు మూసుకుని నమస్కారం పెట్టడమే మిగిలింది. చిన్నోడు తల దించుకున్నాడు.

మామ నోరు మూసుకోలేదు. తన పెద్దకొడుకును ఎవరికి పుట్టాడో తెలియదన్నట్టు మాట్లాడితే ఏ తండ్రి ఊరుకుంటాడు. చక్కటి మరాఠీలో, ఒక్క తప్పు లేకుండా, అందుకున్నారు. గూడ్సు బండి విరూర్‌లో ఆగిన పొద్దు ఏ వారమో, వ్యాగన్ నుంచి దించడానికి ఎన్ని జతల ఎడ్లు కట్టారో, ఇంజను ఒక్కసారి దగ్గగానే అవన్నీ కాడితో సహా ఏ దిక్కుకు పారిపోయాయో చెప్పుకుపోయారు. చెబుతూనే నిచ్చెన వేసి అటక ఎక్కారు. పాత ధోవతుల్లో చుట్టిన మూటలు ఒక్కొక్కటే కిందికి అందించారు. అసలు దీపం. అసలు సీటు. పనిముట్ల డబ్బా. ఇత్తడి రేకు. చివరగా, మడతలు చిరిగిన ఉర్దూ రసీదు. నిచ్చెన సగం దిగాక ఆయనకు తాను ఏం చేశారో తట్టింది. అక్కడే ఆగిపోయారు. నేను ఆ ముఖం చూడలేక రబ్బరు రేకు మీది కమలం వైపు చూశాను.

పెద్దమనిషి కళ్లు తడిశాయి. రంగును జాగ్రత్తగా తీయించుకోవచ్చన్నారు, కింద పాత రంగు భద్రంగానే ఉందట. చెప్పిన ధరకు కోడలు గోడ పట్టుకుంది. అయితే ఒక షరతు పెట్టారు. ఇప్పుడు విన్నదే ఈ ట్రాక్టర్‌కు సగం విలువ, అది కాగితం మీద కావాలి. మొదటి రోజు నుంచి ఈ రోజు వరకు, ఏదీ వదలకుండా.

"పూర్తిగనా?" అన్నారు మామ నిచ్చెన మీది నుంచే.

"పూర్తిగా."

"అది పూర్తయినంకనే తీస్కపోతవా?"

"అయ్యాకే. తొందరేమీ లేదు."

మామ దిగి వచ్చారు. కోడల్ని చాయ్ పెట్టమన్నారు. పెద్దమనిషి పక్కన కూర్చుని, ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుని, ఒక్క ముక్క దాచకుండా చెప్పి రాయిస్తానని మాట ఇచ్చారు.

రాసేవాణ్ణి నేను. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్లే కాని రాసేవాళ్లు తక్కువ. మా బాపు పట్టుబట్టి నేర్పినందుకు నాకు వచ్చు. మరాఠీలోనే చెప్పొచ్చు కదా, నేరుగా పంపేస్తానంటే, పెద్దోడి ముచ్చట పరాయి మాటల్లో చెబితే రుచి పోతుందన్నారు. అలా ప్రతి సోమవారం పదకొండు గంటలకు గిరాకీని ఆపి నేను నోట్‌బుక్ తెరిచేవాణ్ణి. మూడేళ్లు రాశాను. మొదటి నెలంతా ట్రాక్టర్ వ్యాగన్‌లోనే ఉంది. ఎడ్లను కట్టాలంటే ముందు ఆ ఎడ్లు ఎవరివి, వాటి తల్లులు ఏ ఊరి ఆవులు అన్నది చెప్పకుండా ఎలా. ఇదంతా జరిగినప్పుడు మామకు ఐదేళ్లు నిండలేదు, అయినా ప్రతి ఎద్దు పేరూ చెప్పారు. కాస్త ముందుకు పోదాం మామా అని ఒకసారి అంటే, "తొందరేంది అల్లుడా, ఇంక ముందటి చక్రమే దిగింది" అన్నారు. సాస్తి బొగ్గు గనుల వైపు ఒక కాంట్రాక్టరు పెద్దోణ్ణి రెండు రోజులు అద్దెకు అడిగిన ముచ్చట ఆరు సోమవారాలు పట్టింది. ఇచ్చారా అంటే ఇవ్వలేదు.

పుణే పెద్దమనిషి మొదట్లో నెలకోసారి ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. తర్వాత వారం వారం ఫోన్ చేసి, ఆ పారిపోయిన ఎడ్లు దొరికాయా అని అడగడం మొదలుపెట్టారు. చిన్నోడు మాత్రం పత్తి కాలం వచ్చినప్పుడల్లా దుకాణానికి వచ్చి, ఇంకా ఎన్ని పేజీలుంటాయని నన్ను నిలదీసేవాడు. నేను మామను అడగమనేవాణ్ణి. మామ కొంచెమే మిగిలిందనేవారు. చిన్నోడు వసారాకు వాన తగలకుండా తాడిపత్రి పట్టా కట్టుకుని ఆ ఏడు గడిపేవాడు. ఆయన ఓపికకు నాకు దండం పెట్టాలనిపించేది, పెట్టలేదు, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మామ భోంచేసి, పెద్దోడి గదిలో నులక మంచం మీద పడుకుని మళ్లీ లేవలేదు. మర్నాడు పదకొండు గంటలకు నేను వాళ్ల ఊళ్లో ఉన్నాను. అంత్యక్రియలకు వచ్చిన మనిషినన్న సంగతి మరిచి, గడియారం చూసుకుని వీధి వైపు చూశాను. ఏడుపు అప్పుడు వచ్చింది నాకు.

దినాలయ్యాక సోమవారం చిన్నోడు దుకాణానికి వచ్చాడు. గుండు మీద కొత్త టోపీ. ఆఖరి పేజీ చదివి వినిపించమన్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. తీశాను. ఆ ఆఖరి సోమవారం మొత్తం ఒక్క బోల్టు గురించి నడిచింది, దాని కింద మామ చెప్పగా చెప్పినట్టే రాసుకున్న రెండు ముక్కలున్నాయి. అవి చదివాను. "వచ్చే సోమవారం చిన్నోడు పుడ్తడు. ఆ దినం పెద్దోడు ఏం చేసిండో చెప్తా."

"ఏం జేసిండట?" అన్నాడు చిన్నోడు.

చెప్పలేదన్నాను. తెలిసిన వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు, వాళ్ల అమ్మ పోయి పదేళ్లయింది. ఆ పేజీ మీద వేలు పెట్టి, తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. ఆ అక్షరాల మీద నుంచి చాలాసేపు వేలు తీయలేదు.

అప్పుడే పుణే నుంచి ఫోన్ వచ్చింది, స్పీకరులో పెట్టాను. పెద్దమనిషి సంతాపం చెప్పారు. తర్వాత మొహమాటపడుతూ, ఇక చెప్పేవారు లేరు కనుక చరిత్ర పూర్తయినట్టేనా, లారీ పంపమంటారా అని అడిగారు. ధర అదేనన్నారు. అవునంటే గది ఖాళీ అవుతుంది, పత్తికి తడి భయం ఉండదు. మూడేళ్లుగా ఆ ఒక్క మాట కోసమే చిన్నోడు నా దుకాణం మెట్లెక్కాడు. ఏం చెప్పమని ఆయన వైపు చూశాను.

చిన్నోడు ఫోను తానే అందుకున్నాడు.

"ఇంక చానా ఉంది సాబ్. నేనింక పుట్టనే లేదు."